లైసెన్స్ స్లాట్ ఎందుకు దొరకడం లేదు?

(నల్గొండలో విద్యార్థులు, తల్లిదండ్రులు, డ్రైవింగ్ స్కూళ్లు నడిపేవాళ్లు కూర్చున్న సభలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ తమ్ముళ్లు జర ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. రండి, రండి.

మీలో ఎల్‌ఎల్‌ఆర్, అంటే నేర్చుకునేటప్పుడు ఇచ్చే లెర్నర్ లైసెన్స్ తీసుకుని, పర్మినెంట్ లైసెన్స్ కోసం స్లాట్ చూస్తున్నవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. చూశారా, సగం హాలు. ఎందుకు దొరకట్లేదని అడిగితే ఒకరు సర్వర్ అంటారు, ఒకరు ఏజెంట్లు అంటారు. రెండిట్లోనూ కొంత నిజం ఉంది. కానీ అసలు కారణం వేరే ఉంది. స్లాట్ అంటే ఏంది? ఒక ఇన్‌స్పెక్టర్ సారు ట్రాక్ పక్కన నిలబడి మీ ఒక్కరినే చూసే కొన్ని నిమిషాలు. ఆ నిమిషాలు తక్కువ పడుతున్నాయి. ఎందుకు తక్కువ పడుతున్నాయో, ఎట్లా పెంచవచ్చో, అప్పటిదాకా మీరేం చేయాలో, ఈ మూడే ఇవాళ చెప్తా.

పరీక్ష పెట్టేది ఎవరు? మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్, లేకపోతే అసిస్టెంట్ ఇన్‌స్పెక్టర్. మన పెద్దవాళ్లు ఇప్పటికీ బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అనే అంటారు. ఆయనకు లైసెన్స్ పరీక్ష ఒక్కటే పనా? కాదు. లారీలు, బస్సులు, ఆటోల ఫిట్‌నెస్, అంటే బండి రోడ్డుకు పనికొస్తుందా లేదా అన్నది ఆయనే చూడాలి. ట్రాన్స్‌పోర్ట్ బండి ఏదైనా కొత్తదైతే 8 ఏళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ప్రతి ఏడాదీ ఫిట్‌నెస్‌కు రావాల్సిందే. రోడ్డు మీద తనిఖీ ఆయనదే. ఓవర్‌లోడ్ కేసులు ఆయనవే. ఇంకొకటి జనానికి తెలియదు. ప్రమాదం జరిగిన బండిని పోలీసులు స్టేషన్‌కు తెస్తే, బ్రేకులు పనిచేశాయా, స్టీరింగ్ ఎట్లుంది, తప్పు బండిదా మనిషిదా అని చూసి రిపోర్ట్ ఇవ్వాల్సింది కూడా ఆయనే. మోటారు వాహనాల చట్టం 136వ సెక్షన్ ఆ పని గురించే. మన 65వ నంబర్ హైవే మీద చౌటుప్పల్ నుంచి నార్కట్‌పల్లి, సూర్యాపేట, కోదాడ దాకా, అటు పాలమూరు వైపు 44వ నంబర్ మీద జడ్చర్ల దాటి అలంపూర్ దాకా ఎన్ని ప్రమాదాలు అవుతాయో మీకు నేను చెప్పాల్నా? ప్రతి దాని వెనకా ఒక ఇన్‌స్పెక్టర్‌ది ఒక పూట పోతుంది.

ఇప్పుడు జర లెక్క వేద్దాం. ఇది ఏ ఆఫీసు లెక్కా కాదు, అనుకునే లెక్క. మిగతా పనులు పోను ఇన్‌స్పెక్టర్‌కు రోజుకు 4 గంటలు ట్రాక్ మీద దొరికాయి అనుకుందాం. 240 నిమిషాలు. కారు పరీక్ష నిజాయితీగా పెట్టాలంటే, కాగితాలు చూసి, హెచ్ అక్షరం ఆకారంలో ఉండే ట్రాక్ తిప్పించి, ఎత్తు మీద ఆపి మళ్లీ ముందుకు కదిలించి, రివర్స్ చూసి, తక్కువలో తక్కువ 15 నిమిషాలు. అంటే 16 మంది. 16 మందే! అదే రోజు 60 మందికి స్లాట్ ఇస్తే ఒక్కొక్కరికి 4 నిమిషాలు. 4 నిమిషాల్లో ఒకరికి బండి వచ్చో రాదో ఎట్లా తెలుస్తుంది? అందుకే ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్తున్నా. స్లాట్లు పెంచండి అని అడిగేటప్పుడు మనుషులను పెంచండి అని అడగాలి. మనుషులను పెంచకుండా స్లాట్లు పెంచితే పెరిగేది పరీక్షలు కాదు, పరీక్ష లేని లైసెన్సులు.

మరి మనుషులు ఎందుకు తగ్గారు? మూడు కారణాలు చెప్తా. 2016 అక్టోబర్‌లో జిల్లాలు విడిపోయాయి. ఉమ్మడి నల్గొండ మూడు జిల్లాలైంది: నల్గొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి. పాలమూరు నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల వచ్చాయి, 2019లో నారాయణపేట కూడా వచ్చింది. మంచిదే, ఆఫీసు దగ్గరికొచ్చింది. ఒకప్పుడు అచ్చంపేట మనిషి మహబూబ్‌నగర్ దాకా పోవాల్సి ఉండె. కానీ ఆఫీసు పెట్టినంత వేగంగా ఇన్‌స్పెక్టర్ పోస్టులు రాలేదు. ఉన్నవాళ్లనే పంచారు. ఇద్దరు ఇన్‌స్పెక్టర్లున్న చోట ఒకరు సెలవు పెడితే పని సగం నడుస్తుంది. ఒక్కరే ఉన్న చోట ఆ ఒక్కరికీ కోర్టు సాక్ష్యం పడితే? ఆ రోజు ట్రాక్ మొత్తం బంద్. చిన్న ఆఫీసుల్లో స్లాట్లు ఉన్నట్టుండి రద్దు అవుతాయే, కారణం చాలాసార్లు ఇదే.

రెండోది రిటైర్‌మెంట్లు. 2021లో రాష్ట్ర ఉద్యోగుల పదవీ విరమణ వయసు 58 నుంచి 61 చేశారు. అంటే మూడేళ్లు వయసు మీద దిగిపోయేవాళ్లు దాదాపు లేరు. 2024 నుంచి మళ్లీ దిగిపోవడం మొదలైంది. ఎవరు ఏ నెలలో దిగిపోతారో సర్వీస్ రిజిస్టర్‌లో ముందే రాసి ఉంటుంది కదా? ఇది తుఫాను కాదు చెప్పకుండా రావడానికి.

మూడోది నియామకం. అసిస్టెంట్ ఇన్‌స్పెక్టర్ కావాలంటే మెకానికల్ గానీ ఆటోమొబైల్ గానీ చదివి ఉండాలి, చేతిలో లారీ, బస్సు నడిపే హెవీ లైసెన్స్ ఉండాలి. పాలిటెక్నిక్ తమ్ముళ్లూ, ఇది మీరు గుర్తుపెట్టుకోవాల్సిన మాట. చదువు ఉన్నవాళ్లకు హెవీ ఉండదు, హెవీ ఉన్నవాళ్లకు ఆ చదువు ఉండదు. 2022 చివర్లో 113 పోస్టులకు నోటిఫికేషన్ ఇస్తే, పరీక్ష, ఫలితాలు, పరిశీలన అన్నీ అయి నియామక పత్రాలు ఇచ్చేసరికి 2024 వచ్చింది. ఆ మీద శిక్షణ. నోటిఫికేషన్ నుంచి ట్రాక్ మీదికి మనిషి వచ్చేదాకా రెండేళ్లు. ఇవాళ ఖాళీ అయిన కుర్చీకి ఇవాళే నోటిఫికేషన్ ఇచ్చినా రెండేళ్లు ఖాళీనే.

ఒక మంచి పని కూడా జరిగింది, చెప్పాలి. 2025 అక్టోబర్‌లో రవాణా చెక్‌పోస్టులు ఎత్తేశారు. మన దిక్కు విష్ణుపురం, నాగార్జునసాగర్, కోదాడ, అటు అలంపూర్ చౌరస్తా, కృష్ణ. రాత్రీ పగలూ అక్కడ కూర్చున్న ఇన్‌స్పెక్టర్లు ఆఫీసు పనికి దొరుకుతారు. ఆ మనుషులు ట్రాక్ మీదికి వస్తున్నారా, వేరే డ్యూటీలకు పోతున్నారా? సమాచార హక్కు కింద ఎవరైనా అడగవచ్చు. మంజూరైన పోస్టులెన్ని, పనిచేస్తున్నవాళ్లు ఎంతమంది, నెలకు ఎన్ని పరీక్షలు పెట్టారు, ఎంతమంది ఫెయిలయ్యారు. నాలుగు ప్రశ్నలు, పది రూపాయల ఫీజు.

ఇప్పుడు మే, జూన్ సంగతి. తల్లిదండ్రులు ఇది వినాలి. స్కూల్ బస్సుల ఫిట్‌నెస్ గడువు ఏటా మే 15తో ముగుస్తుంది. జూన్ 12 ప్రాంతంలో బడులు తెరుస్తారు. ఈ నాలుగు వారాల్లో జిల్లాలో ఉన్న స్కూల్ బస్సులన్నీ ఇన్‌స్పెక్టర్ చూడాలి. బ్రేకులు, టైర్లు, అత్యవసర ద్వారం, మంటలార్పే సిలిండర్, ఫస్ట్ ఎయిడ్ డబ్బా, కిటికీ కడ్డీలు. చూడాల్సిందే, అందులో మన పిల్లలు ఎక్కుతారు. చాలా యాజమాన్యాలు చివరి వారం దాకా ఆగి, అందరూ ఒక్కసారే వస్తారు. సరిగ్గా అదే సమయంలో ఇంకెవరొస్తారు? ఇంటర్ పరీక్షలు, డిగ్రీ పరీక్షలు అయిపోయి, సెలవుల్లో లైసెన్స్ తీసుకుందామని మీరొస్తారు. అడిగేవాళ్లు ఏడాదిలో ఎక్కువుండేది అప్పుడే, ఇన్‌స్పెక్టర్ దొరకనిది కూడా అప్పుడే. అందుకే సెలవుల్లో పరీక్ష పెట్టుకోకండి, సెలవుల్లో నేర్చుకోండి. పరీక్షకు జూలై, ఆగస్టు పెట్టుకోండి. దీనికి ఎల్‌ఎల్‌ఆర్ ఎప్పుడు తీసుకోవాలో కాసేపట్లో చెప్తా.

మనదొక్కటే ఈ బాధ అనుకోకండి. మన జిల్లాల పిల్లలు ఎంతోమంది బ్రిటన్‌లో చదువుతున్నారు, వాళ్లను అడగండి. అక్కడ పరీక్ష దాదాపు 40 నిమిషాలు, అంతా మామూలు ట్రాఫిక్‌లోనే. ఒక ఎగ్జామినర్ రోజుకు మామూలుగా 7 పరీక్షలు పెడతాడు. కరోనాకు ముందు, 2020 ఫిబ్రవరిలో సగటున 5 వారాలు ఆగితే సరిపోయేది. 2025 సెప్టెంబర్‌కు అది 22 వారాలైంది. వాళ్ల ఆడిట్ సంస్థ లెక్క ఇది. వాళ్లు పెట్టుకున్న లక్ష్యం 7 వారాలు. 2021 నుంచి 19 సార్లు నియామకాలకు పిలిచినా నికరంగా పెరిగిన ఎగ్జామినర్లు 83 మందే. ఎందుకంటే చేరినవాళ్లు నిలవట్లేదు. జీతం చాలట్లేదు, ఫెయిల్ చేస్తే మీదికొచ్చేవాళ్లున్నారు. మామూలు రోజుల్లో ఫీజు 62 పౌండ్లు ఉంటే, మధ్యవర్తులు కంప్యూటర్ ప్రోగ్రాములతో స్లాట్లు పట్టేసి 500 పౌండ్ల దాకా అమ్మారు. మరి ఏజెంట్ అనేవాడు మన దగ్గరే పుట్టాడా? కొరత ఉన్న ప్రతి చోటా పుడతాడు. కొరత పోతే వాడి పని పోతుంది. అయితే బ్రిటన్ వాళ్లు ఒక్క పని చేయలేదు. 40 నిమిషాలను 10 నిమిషాలు చేయలేదు. అది మనం నేర్చుకోవాలి.

ఆలస్యమైతే ఏం పోతుంది అంటారా? మిర్యాలగూడ రైస్ మిల్లులకు, వాడపల్లి, మఠంపల్లి సిమెంటు ఫ్యాక్టరీలకు లారీ డ్రైవర్లు కావాలి. హెవీకి ఎల్‌ఎల్‌ఆర్ కావాలంటే కారు లైసెన్స్ వచ్చి ఏడాది నిండాలి, వయసు 20 దాటాలి. కారు లైసెన్స్ నాలుగు నెలలు ఆలస్యమైతే ఆ ఏడాది లెక్క నాలుగు నెలలు జరుగుతుంది. ఆ నాలుగు నెలలు ఆ పిల్లవాడు క్లీనర్ జీతానికే ఉంటాడు, లేకపోతే లైసెన్స్ లేకుండానే స్టీరింగ్ పడతాడు. లైసెన్స్ లేకుండా దొరికితే 5,000 జరిమానా, బండి ఇచ్చిన ఓనర్‌కు ఇంకో 5,000. ప్రమాదమైతే ఇన్సూరెన్స్ కంపెనీ బాధితులకు కట్టినా, ఆ డబ్బు ఓనర్ దగ్గర వసూలు చేస్తుంది. ఇల్లు, పొలం అమ్ముకోవాల్సి వస్తుంది. 18 నిండని పిల్లలకు బండి ఇచ్చే తల్లిదండ్రులకైతే 25,000 జరిమానా, మూడేళ్ల దాకా జైలు. పైలం.

సరే, ఇగ మీ చేతిలో ఉన్నదేంటి?

ఎల్‌ఎల్‌ఆర్ 6 నెలలు చెల్లుతుంది. తీసుకున్న 30 రోజుల తర్వాతే పరీక్షకు పోవచ్చు. అంటే మీకున్నది 5 నెలలు. చాలామంది ఏం చేస్తారు? నాలుగు నెలలు ఊరుకుని, ఐదో నెలలో స్లాట్ వెతుకుతారు. దొరకదు. దొరికినా ఫెయిలైతే చట్టప్రకారం 7 రోజుల తర్వాతే మళ్లీ రావాలి, అప్పటికి గడువు దాటుతుంది. మళ్లీ కొత్త ఎల్‌ఎల్‌ఆర్, మళ్లీ ఫీజు, మళ్లీ 20 ప్రశ్నలు, 12 సరైన జవాబులు, మళ్లీ 30 రోజులు. మూడుసార్లు ఫెయిలైతే 60 రోజులు ఆగాలి, ఆ మీద మళ్లీ శిక్షణ తీసుకుని రావాలి. అందుకే 31వ రోజు నుంచే స్లాట్ చూడండి, రెండో నెలలో మొదటి పరీక్ష ఇచ్చేటట్టు పెట్టుకోండి. జూలైలో పరీక్ష కావాలంటే మే నెలలో ఎల్‌ఎల్‌ఆర్ చేతిలో ఉండాలి. సెలవుల్లో నేర్చుకోండి అన్నది ఇందుకే. ఈ లోపల బండికి ముందూ వెనకా ఎల్ బోర్డు, తెల్ల పలక మీద ఎర్ర అక్షరం, పలక 18 సెంటీమీటర్లు. కారులో పక్కన లైసెన్స్ ఉన్నవాళ్లు కూర్చోవాలి. బైక్ మీద నేర్పేవాళ్లు తప్ప ఎవరూ ఎక్కకూడదు.

దొరికిన స్లాట్ ట్రాక్ ఎక్కకముందే ఎట్లా పోతుందో చెప్తా. ఎల్‌ఎల్‌ఆర్ అసలు కాపీ ఇంట్లో మర్చిపోతారు. బండికి ఇన్సూరెన్స్ అయిపోయి ఉంటుంది, పొల్యూషన్ సర్టిఫికెట్ ఉండదు. హెల్మెట్ ఉండదు. బండి తెచ్చుకోవాల్సింది మీరే, దాని కాగితాలు చూసుకోవాల్సిందీ మీరే. మీరు వెనక్కి పోతే ఆ నిమిషాలు ఇంకెవరికీ రావు. చెల్లెళ్లకు ఒక మాట. స్కూటీ మీద పరీక్ష ఇస్తే గేరు లేని బండికే లైసెన్స్ వస్తుంది. తర్వాత గేరు బైక్ నడపాలంటే మళ్లీ దరఖాస్తు, మళ్లీ వరుస. గేరు బండి నేర్చుకునే ఆలోచన ఉంటే ముందే దాని ఎల్‌ఎల్‌ఆర్ తీసుకోండి.

ట్రాక్ మీద ఎక్కువ మంది ఎక్కడ ఫెయిలవుతారు? బైక్ వాళ్లు ఎనిమిది అంకె ఆకారంలో ఉండే ట్రాక్ మీద. రెండు వంపులు కలిసే చోట భయపడి ఫ్రంట్ బ్రేక్ పట్టుకుంటారు. హ్యాండిల్ తిరిగి ఉన్నప్పుడు ఫ్రంట్ బ్రేక్ పడితే బండి లోపలికి వాలుతుంది, కాలు కిందపడుతుంది, అయిపోయింది. ఫస్ట్ గేరులో ఉండండి, క్లచ్ సగం మీద పట్టుకోండి, వేగం తగ్గించాలంటే వెనక బ్రేక్ మెల్లగా నొక్కండి. చూపు ముందు చక్రం మీద ఉండొద్దు, పోవాల్సిన వంపు చివర మీద ఉండాలి.

కారు వాళ్లకు ఎత్తు మీద గండం. సగం ఎత్తులో ఆపమంటారు, ఆపి లేపాలి, బండి వెనక్కి జారొద్దు. జారేది ఎందుకు? బ్రేక్ మీది కాలు తీసి యాక్సిలేటర్ మీదికి పోయే ఆ అర సెకనులో. కాబట్టి హ్యాండ్‌బ్రేక్ వేసి ఆపండి. ఫస్ట్ గేరు. యాక్సిలేటర్ కొంచెం ఇచ్చి క్లచ్ మెల్లగా వదలండి. ఒక చోట ఇంజన్ చప్పుడు బరువెక్కుతుంది, బానెట్ వేలంత పైకి లేస్తుంది. క్లచ్ అక్కడే ఆపండి, కదిలించొద్దు. అప్పుడు హ్యాండ్‌బ్రేక్ దించండి. బండి నిలబడే ఉంటుంది. ఇంకొంచెం యాక్సిలేటర్ ఇస్తే ముందుకు పోతుంది. డ్రైవింగ్ స్కూల్ వాళ్లు ఇక్కడ ఉన్నారు, అన్నా, మీకు దండం పెట్టి అడుగుతున్నా. ఇది చదును గ్రౌండ్‌లో నేర్పితే రాదు. ఎత్తు ఉన్న చోటికి తీసుకుపోండి, ఇరవై సార్లు చేయించండి. హెచ్ ట్రాక్ రివర్స్ కూడా అంతే. యాక్సిలేటర్ ముట్టకుండా క్లచ్ మీదే నడిపించండి. తొందర లేకపోతే చాలా మంది పాసవుతారు.

ఫెయిలైనవాళ్లు మళ్లీ వరుసలోకి వస్తారు, గుర్తుపెట్టుకోండి. సరిగ్గా నేర్పని ప్రతి స్కూల్ ఒక మనిషిని రెండుసార్లు, మూడుసార్లు వరుసలో నిలబెడుతోంది.

ప్రభుత్వం ఏం చేయాలి? రిటైర్ అయ్యేవాళ్ల జాబితా చూసి రెండేళ్ల ముందే నోటిఫికేషన్ ఇవ్వాలి, ఏటా ఇవ్వాలి. ఫిట్‌నెస్‌ను యంత్రాలతో చూసే ఆటోమేటెడ్ స్టేషన్లకు కేంద్రం 2021లోనే నియమాలు తెచ్చింది. అవి జిల్లాకొకటి సరిగ్గా నడిస్తే లారీల దగ్గర పోయే ఇన్‌స్పెక్టర్ సమయం ట్రాక్ మీదికి వస్తుంది. స్కూల్ బస్సులకు ఏప్రిల్ నుంచే మండలాల వారీగా తేదీలు ఇవ్వాలి. పరీక్ష రోజు కాగితాలు చూసే పని కానిస్టేబుల్‌కో, క్లర్కుకో ఇవ్వాలి, ఇన్‌స్పెక్టర్ కళ్లు బండి మీదే ఉండాలి. రద్దయిన స్లాట్ అప్పటికప్పుడు మళ్లీ తెరవాలి.

అక్రెడిటెడ్, అంటే ప్రభుత్వ గుర్తింపు ఉన్న శిక్షణ కేంద్రాలు ఉన్నాయి కదా, అక్కడ నేర్చుకుంటే ఆర్టీఓ దగ్గర పరీక్షే అక్కర్లేదు కదా అని కొందరు అడుగుతారు. 2021 జూలై 1 నుంచి ఆ నియమం ఉంది. తగినంత స్థలం కావాలి, సిమ్యులేటర్ కావాలి, ట్రాక్ కావాలి. కారుకు 29 గంటల శిక్షణ, అందులో 21 గంటలు బండి మీద. ఈ 29 గంటలు నిజంగా జరిగితే నాకు అభ్యంతరం లేదు, సంతోషం. కాగితం మీద జరిగితే మాత్రం ఇప్పుడున్న వరుస కన్నా అది ప్రమాదం. వరుసలో నిలబడ్డ మనిషి ఇంటికి తిరిగి వస్తాడు. రాని డ్రైవింగ్‌తో హైవే ఎక్కిన మనిషి సంగతి చెప్పలేం. ఆయన ఎదురుగా వచ్చేవాళ్ల సంగతి అసలే చెప్పలేం.

ఆటో, టాటా ఏస్ నడిపే అన్నలు నలుగురైదుగురు కనబడుతున్నారు. మీకొక్క మాట. 2024 నవంబర్ 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చి చెప్పింది. మామూలు లైట్ మోటార్ వెహికల్ లైసెన్స్ ఉంటే 7,500 కిలోల లోపు ట్రాన్స్‌పోర్ట్ బండి నడపవచ్చు, దానికి లైసెన్స్ మీద వేరేగా రాయించుకునే ట్రాన్స్‌పోర్ట్ ఎండార్స్‌మెంట్ అక్కర్లేదు. ఆ ఎండార్స్‌మెంట్ కోసం వరుసలో ఉన్నవాళ్లు ముందు మీ లైసెన్స్ మీద ఏ తరగతి ఉందో, మీ ఆర్సీలో బండి మొత్తం బరువు ఎంత రాసి ఉందో చూసుకోండి.

ఎల్‌ఎల్‌ఆర్ గడువు నెలలోపు అయిపోతున్నవాళ్లు లేచి పోకండి. డ్రైవింగ్ స్కూల్ అన్నలు ఈ పక్క బల్ల దగ్గర ఉంటారు. ఫోన్లో మీ దరఖాస్తు తెరిచి పట్టుకుని రండి, ముందు చివరి తేదీ చూద్దాం.